ఎండ్రిక్ లియోన్‌కి లోన్: కుర్రాడిలో సరుకెంత, లోటెంత?

పచ్చచొక్కా_రవి | 24 డిసెంబర్ 2025

మొత్తానికి రియల్ మాడ్రిడ్ తన బ్రెజిల్ స్ట్రైకర్ ఎండ్రిక్‌ని సీజన్ చివరి దాకా ఫ్రాన్స్ క్లబ్బు లియోన్‌కి లోన్ మీద (అరువుగా ఆడటానికి) పంపేసింది. నాలుగైదు గ్రూపుల్లో చూశాను, అంతా రెండే మాటలు. ఒకళ్లు "ఫ్లాప్, అయిపోయింది" అంటారు, ఇంకొకళ్లు "కొత్త రొనాల్డో, ఆడించకుండా చంపేశారు" అంటారు. ఈ రెండూ ఇక్కడ వద్దు ప్లీజ్. మ్యాచ్‌లు చూసినవాళ్లు ఏం కనిపించిందో అది రాయండి. పంతొమ్మిదేళ్ల కుర్రాడు, 2006 జూలైలో పుట్టాడు, ఇంకా చాలా టైముంది.

నేను పాల్మెయిరాస్ (వాడు పెరిగిన బ్రెజిల్ క్లబ్బు) అభిమానిని కాబట్టి మొదట నేనే చెప్తాను. 2022 జనవరిలో కోపిన్యాలో (సావో పాలోలో ప్రతి ఏడూ జరిగే కుర్రాళ్ల టోర్నీ, పాల్మెయిరాస్ దాన్ని మొదటిసారి గెలిచింది అప్పుడే) చూసినప్పటి నుంచి నా అభిప్రాయం ఒకటే. వీడి అసలు ఆస్తి ఎడమకాలి షాట్. బలంగా కొడతాడని కాదు, బలంగా కొట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. కాలు వెనక్కి దాదాపు తీయకుండానే కొట్టేస్తాడు. డిఫెండర్ అడ్డం పడేలోపు, గోల్‌కీపర్ కాళ్లు సర్దుకునేలోపు బంతి వెళ్లిపోతుంది. రెండోది ఒళ్లు. 1.73 మీటర్లే కానీ తొడలు చూడండి, పక్కనుంచి తోస్తే పడడు.

లోటు ఏంటంటే బంతి లేనప్పుడు ఏం చేయాలో ఇంకా పూర్తిగా తెలియదు. మిగతాది మీరు చెప్పండి.

తెల్లజెండా | 24 డిసెంబర్

రవి అన్నా, మా మాడ్రిడ్‌ వాళ్ల తరఫున కొంచెం కోపంగానే రాస్తున్నాను. 2024-25లో వాడు 37 మ్యాచ్‌ల్లో కనిపించాడని లెక్క చెప్తారు, అందులో ఎన్ని "87వ నిమిషంలో వచ్చి చెమట పట్టకముందే వెళ్లిపోయినవి" అనేది మాత్రం ఎవరూ చెప్పరు. ఏడు గోల్స్ కొట్టాడు. లీగ్‌లో ఒకటి, అదీ వయ్యదోలిద్ మీద మొదటి మ్యాచ్‌లోనే. ఛాంపియన్స్ లీగ్‌లో స్టుట్‌గార్ట్ మీద ఒకటి. మిగతా ఐదూ కోపా దెల్ రేలోనే (స్పెయిన్ కప్పు), ఎందుకంటే అప్పటి కోచ్ ఆన్సెలోట్టి కాస్త ఎక్కువసేపు ఆడించింది ఆ కప్పులోనే.

సెల్టా మ్యాచ్ గుర్తుందా? 2-0 నుంచి 2-2 అయిపోయి ఎక్స్‌ట్రా టైమ్‌కి వెళ్లింది, మా బెర్నబేవు స్టేడియంలో జనం మొహాలు మాడిపోయాయి. వీడు బెంచ్ నుంచి వచ్చి రెండు కొట్టాడు, అందులో ఒకటి మడమతో. సోసియెదాద్ మీద సెమీస్ రెండు లెగ్‌ల్లోనూ కొట్టాడు, రెండోదాంట్లో కీపర్ మీదుగా ఎంత తీరిగ్గా ఎత్తేశాడో. ఆ వయసులో గోల్ ముందు అంత నిమ్మళం ఎవరికుంది చెప్పండి.

ఎక్స్‌జీ_పంతులు | 24 డిసెంబర్

గోల్స్ లిస్టు చదవడం విశ్లేషణ కాదు తమ్ముడూ. గోల్ కొట్టని మ్యాచ్‌ల్లో ఏం చేశాడో అది చెప్పు.

2024 కోపా అమెరికా (దేశాల జట్ల టోర్నీ) క్వార్టర్ ఫైనల్, లాస్ వేగాస్, ఉరుగ్వే మీద బ్రెజిల్. వినీసియస్ సస్పెన్షన్‌లో ఉన్నాడు, వీడికి మొదటినుంచీ ఆడే ఛాన్స్ వచ్చింది. ఉరుగ్వే ఒక మనిషి తక్కువై పదిమందితో ఆడినా గోల్ రాలేదు, పెనాల్టీల్లో ఓడారు. ఆ రాత్రి ఎండ్రిక్ మైదానంలో ఉన్నాడనే సంగతి చాలాసేపు గుర్తే లేదు. సెంటర్‌బ్యాక్‌లు (మధ్యలో ఆడే డిఫెండర్లు) వీపుకి అతుక్కుని నిలబడ్డారు, బంతి వస్తే ఆపలేడు, ఆపినా వెనక్కి శుభ్రంగా ఇవ్వలేడు. సెంటర్ ఫార్వర్డ్ పని గోల్ కొట్టడమొక్కటే అయితే సరే, కానీ ఇవాళ్టి ఆటలో గోల్‌కి వీపు పెట్టి బంతి పట్టుకుని, మిడ్‌ఫీల్డ్ పైకొచ్చే దాకా రెండు మూడు సెకన్లు నిలబడాలి. ఆ పని వీడికి రాదు. ఇంకా రాదు అంటాను, ఎప్పటికీ రాదు అనను.

కుడికాలు బొత్తిగా మొద్దు కాకపోయినా నమ్మకం లేదు. కుడివైపు ఖాళీ ఉన్నా ఎడమకి మార్చుకోవడానికి ఇంకో టచ్ తీసుకుంటాడు, ఆ టచ్‌లోనే పోతుంది. పెద్ద క్లబ్బుల వీడియో రూముల్లో ఇది కనిపెట్టడానికి అర్ధగంట చాలు.

తెల్లజెండా | 24 డిసెంబర్

ఉరుగ్వే ఒక్క మ్యాచ్ పట్టుకుని ఎంతకాలం వేలాడతారు పంతులు గారూ. అప్పటికి వాడికి పద్దెనిమిది కూడా నిండలేదు. ఆ రోజు బ్రెజిల్ మిడ్‌ఫీల్డ్ నుంచి వాడికి అందిన మంచి బంతి ఒక్కటి చూపించండి.

గోల్‌పోస్ట్_గిరి | 24 డిసెంబర్

స్టుట్‌గార్ట్ గోల్ గురించి ఎవరూ పూర్తిగా మాట్లాడట్లేదు. నా దృష్టిలో ఎండ్రిక్ బలమూ బలహీనతా ఆ ఒక్క గోల్‌లోనే ఉన్నాయి. మ్యాచ్ ఆఖరి క్షణాలు, మాడ్రిడ్ 2-1తో ముందుంది, కౌంటర్. ఎండ్రిక్ సొంత హాఫ్ నుంచి బంతి తీసుకుని పరిగెత్తుతున్నాడు. ఒకపక్క ఎంబాపే, ఇంకోపక్క వినీసియస్, ఇద్దరూ పరిగెత్తుకొస్తున్నారు. ఇలాంటప్పుడు ఏ కోచ్ అయినా చెప్పేది ఒకటే: ఇచ్చెయ్. వీడు ఇవ్వలేదు. దూరం నుంచి కొట్టాడు, కీపర్ చేతికి తగిలి లోపలికి పోయింది. ఆ క్లబ్బు తరఫున ఛాంపియన్స్ లీగ్‌లో గోల్ కొట్టినవాళ్లలో అందరికంటే చిన్నవాడయ్యాడు. ఆన్సెలోట్టి తర్వాత నవ్వుతూనే మెచ్చుకున్నాడు, సరే.

కానీ అది పోకపోయి ఉంటే? రెండు వారాలు తిట్లు. నాకు అర్థమైంది ఏంటంటే వీడి బుర్రలో షాట్ మొదటి ఆప్షన్, పాస్ ఐదో ఆప్షన్. రోజూ ఆడేవాడికి ఇది మంచి జబ్బే, పది కొడితే మూడు లోపలికి పోతాయి. పది నిమిషాలకి వచ్చేవాడికి మాత్రం ఒకే ఒక్క షాట్ దొరుకుతుంది, అది పోకపోతే "స్వార్థపరుడు" అనేస్తారు.

పచ్చచొక్కా_రవి | 24 డిసెంబర్

గిరి బ్రో, దీన్నే పాల్మెయిరాస్‌లో వేరే కోణంలో చూశాం. 2023 మొదట్లో వీడికి ఎన్నో మ్యాచ్‌ల పాటు గోల్ లేదు. మాడ్రిడ్ డీల్ అప్పటికే అయిపోయింది, ప్రపంచమంతా చూస్తోంది, వీడేమో ప్రతి బంతినీ కొట్టేస్తున్నాడు. ఏప్రిల్లో పౌలిస్తా (సావో పాలో రాష్ట్ర టోర్నీ) ఫైనల్లో ఆగ్వా సాంతా మీద ఒకటి పడ్డాక గానీ ఊపిరి తీసుకోలేదు. మా కోచ్ ఏబెల్ ఫెరెయిరా తొందరపడలేదు, బెంచ్ మీద కూర్చోబెట్టాడు, అప్పుడప్పుడు దింపాడు.

తర్వాత ఆగస్టులో మా ఫార్వర్డ్ దూదూకి మోకాలి గాయమైంది. ఏబెల్ ముందు ఇద్దరు ఫార్వర్డ్‌లతో ఆడించడం మొదలుపెట్టాడు, ఎండ్రిక్ పక్కన బ్రేనో లోపెస్. అసలు ఎండ్రిక్ బయటపడింది అప్పుడే. పక్కన ఇంకొకడు సెంటర్‌బ్యాక్‌లని లాగేస్తే వీడు మిగిలిన ఖాళీలోకి మొహం గోల్ వైపు పెట్టుకుని వస్తాడు. నవంబర్ 1న బొటాఫోగో మ్యాచ్ దొరికితే మొత్తం చూడండి, హైలైట్స్ కాదు. వాళ్ల గడ్డ మీద హాఫ్‌టైమ్‌కి 3-0 వెనకపడ్డాం. రెండో హాఫ్ మొదట్లోనే వీడు ఒంటరిగా దూసుకెళ్లి ఒకటి, చివర్లో ఇంకొకటి, మొత్తానికి 4-3 గెలిచాం. ఆ ఏడు బ్రెజిల్ లీగ్ టైటిల్ అక్కడే మారింది. ఆ లీగ్‌లో వీడివి 11 గోల్స్, అందులో ఎక్కువ ఆఖరి నెలల్లోవే.

అందుకే పంతులు గారూ, ఉరుగ్వే మీద ఒంటరి నైన్‌గా (ముందు ఒక్కడే సెంటర్ ఫార్వర్డ్‌గా) నిలబెట్టి "వీపు పెట్టి ఆడలేడు" అనడం నిజమే కానీ, ఆ పని కోసం వాణ్ణి ఎవరు కొన్నారు అనేది కూడా అడగాలి కదా.

ఎక్స్‌జీ_పంతులు | 25 డిసెంబర్

మాడ్రిడ్ కొంది! ఆడ్-ఆన్‌లతో (షరతుల మీద తర్వాత కట్టే బోనస్‌లు) కలిపి 60 మిలియన్ యూరోలంటే తమాషానా? ఇద్దరు స్ట్రైకర్లతో ఎవరాడిస్తున్నారు ఇప్పుడు? ఎంబాపే సెంటర్లో, వినీ ఎడమన. మిగిలింది కుడి వింగ్. అక్కడ వీడు ఆడాలంటే లైన్ పక్కన బంతి అందుకుని ఫుల్‌బ్యాక్‌ని (పక్కన ఆడే డిఫెండర్) ఒకరి మీద ఒకరుగా దాటాలి. వీడి డ్రిబ్లింగ్ అలాంటిది కాదు. గుంపులోంచి భుజంతో దూరిపోతాడు, అది వేరే విద్య. ఎస్తెవావ్‌ని చూడండి, అదే పాల్మెయిరాస్ అకాడమీ, తొమ్మిది నెలలు చిన్నవాడు, కానీ టచ్‌లైన్ దగ్గర ఆగి ఉన్న చోటునుంచి మనిషిని దాటేస్తాడు. అందుకే చెల్సీలో మొదటి సీజన్లోనే లివర్‌పూల్ మీద ఆఖరి నిమిషం గోల్, బార్సిలోనా మీద గోల్. వింగ్ ప్లేయర్‌కి చోటు దొరకడం తేలిక. ఎండ్రిక్‌కి టీమ్‌లో చోటు కట్టివ్వాలి.

ఇంకోటి. 2025 మేలో సెవియా మ్యాచ్‌లో తొడ కండరం గాయమై క్లబ్ వరల్డ్ కప్‌కి దూరమయ్యాడు. ఆ ఖాళీలో మాడ్రిడ్ కుర్ర స్ట్రైకర్ గొంజాలో గార్సియా వచ్చి నాలుగు గోల్స్ కొట్టి టోర్నీ టాప్ స్కోరర్ల వరసలో నిలిచాడు. గొంజాలోకి ఎండ్రిక్ ప్రతిభలో సగం లేదు. కానీ ఎప్పుడు మొదటి పోస్టుకి పోవాలి, ఎప్పుడు ఆగాలి తెలుసు. అప్పటి కోచ్ ఆలోన్సోకి కావాల్సింది అదే. తొమ్మిదో నంబరు చొక్కా ఎండ్రిక్‌కి ఇచ్చారు, నిమిషాలు గొంజాలోకి ఇచ్చారు.

మూర్తి_ఎల్బీనగర్ | 25 డిసెంబర్

పిల్లలూ, కాస్త పాత సంగతి చెప్తాను, విసుక్కోకండి. బ్రెజిల్ పాత స్ట్రైకర్ రొమారియో మాడ్రిడ్‌కో బార్సిలోనాకో సరాసరి వెళ్లలేదు. 1988లో డచ్ క్లబ్బు పీఎస్‌వీకి వెళ్లాడు, ఐదేళ్లు డచ్ లీగ్‌ని ఊడ్చేశాడు, ఆ తర్వాతే బార్సిలోనా. బ్రెజిల్ రొనాల్డో కూడా 1994లో పదిహేడేళ్లకి అక్కడి క్రుజేరో క్లబ్బు నుంచి పీఎస్‌వీకే. అక్కడ 57 మ్యాచ్‌ల్లో 54 గోల్స్, తర్వాత బార్సిలోనాలో ఒక్క సీజన్లో 47. మధ్యలో ఆ మెట్టు ఉంది. ఇప్పుడు పెద్ద క్లబ్బులు పదహారేళ్లకే డబ్బు కట్టేసి పద్దెనిమిది నిండగానే తెచ్చుకుని బెంచ్ మీద పెడుతున్నాయి. మెట్టు తీసేశారు.

ఒడ్డూ పొడుగూ గురించి ఎవరో అన్నారు. రొమారియో 1.67. పెనాల్టీ బాక్సులో పొడుగు కంటే ఎప్పుడు కదిలాడన్నదే ముఖ్యం. 2024 జూన్‌లో మెక్సికో మీద 96వ నిమిషంలో వినీసియస్ క్రాస్‌కి ఎండ్రిక్ తలతోనే కొట్టాడు కదండీ, మరిచిపోయారా.

సాంబా_స్వప్న | 25 డిసెంబర్

మూర్తి గారు చెప్పిన మెట్టు సంగతికి నా వంతు రెండు పేర్లు. రైనియర్: 2020 జనవరిలో బ్రెజిల్ క్లబ్బు ఫ్లమెంగో నుంచి 30 మిలియన్లకి మాడ్రిడ్‌కి. డార్ట్‌మండ్, జిరోనా, ఫ్రొసినోనే, గ్రనాడా, లోన్ మీద లోన్. మాడ్రిడ్ మెయిన్ టీమ్‌కి ఒక్క అఫీషియల్ మ్యాచ్ కూడా ఆడకుండా చివరికి బ్రెజిల్‌కే తిరిగొచ్చాడు. వితోర్ రోకే: 2024 జనవరిలో బార్సిలోనాకి వచ్చాడు, అప్పటి కోచ్ షావి వాడుకోలేదు, బెటిస్‌కి లోన్, సంవత్సరం తిరిగేసరికి పాల్మెయిరాస్‌కి. ఇప్పుడు అక్కడ దుమ్ము లేపి మళ్లీ జాతీయ జట్టులోకి వచ్చాడు.

అంటే లోన్ అనగానే పండగ చేసుకోవద్దు. ఎక్కడికి, ఏ కోచ్ దగ్గరికి అన్నదాన్ని బట్టి ఉంటుంది. లియోన్ కోచ్ ఫోన్సెకా పోర్చుగీసువాడు, భాష సమస్య లేదు, అది నిజంగా పెద్ద ప్లస్. మాడ్రిడ్‌లో మాత్రం భాష సమస్య కాదులెండి, అక్కడా పోర్చుగీసు మాట్లాడే బ్రెజిల్ వాళ్లున్నారు.

నా వైపు నుంచి ఒక బలం కూడా రాస్తాను, ఎవరూ రాయలేదు. వీడు ప్రెస్ చేస్తాడు, అంటే బంతి ఎదుటివాళ్ల దగ్గరున్నప్పుడు మీదకి పోయి ఒత్తిడి పెడతాడు. ఏబెల్ దగ్గర పెరిగినవాళ్లెవరూ చేతులు నడుముకి పెట్టుకుని నిలబడరు. ఐదు నిమిషాలకి దింపినా సెంటర్‌బ్యాక్ మీదకి కుక్కలా పరిగెత్తుతాడు. దిశ మాత్రం తప్పు, ఒంటరిగా పోతాడు, వెనక లైన్ రాకముందే పోతాడు, ఒక్క పాస్‌తో దాటేస్తారు. అది నేర్పితే వస్తుంది.

లియోన్_సింధు | 27 డిసెంబర్

నేను ఇక్కడ లియోన్‌లోనే మాస్టర్స్ చేస్తున్నాను, ఫుట్‌బాల్ పిచ్చి మధ్యస్తం. ఈ ఊళ్లో బ్రెజిల్ వాళ్లంటే వేరే ప్రేమండీ. జునిన్యో పేరు ఎత్తితే చాలు, పెద్దవాళ్లు ఫ్రీకిక్‌ల కథ మొదలుపెడతారు, క్లబ్బుకి 44 ఫ్రీకిక్ గోల్స్ కొట్టాడు మరి. సోనీ ఆండర్సన్, క్రిస్, ఫ్రెడ్, ఈ మధ్య బ్రూనో గిమరాయిష్, పకేటా. వరసగా ఏడు టైటిల్స్ గెలిచిన రోజుల్లో జట్టు సగం బ్రెజిల్‌దే. బెంజెమా ఇక్కడినుంచే మాడ్రిడ్‌కి వెళ్లాడు, ఇప్పుడు మాడ్రిడ్ నుంచి ఒకడు ఇటు వస్తున్నాడని జోకులు.

ప్రేమ ఉన్నా ఓపిక ఉందని చెప్పను. ఆడకపోతే ఇక్కడి స్టాండ్స్ ఈల వేస్తాయి.

గోల్‌పోస్ట్_గిరి | 26 జనవరి 2026

ఈ చర్చని మళ్లీ పైకి తెస్తున్నాను. కోప్ ద ఫ్రాన్స్‌లో (ఫ్రాన్స్ కప్పు) లీల్ మీద మొదటి మ్యాచ్‌లోనే గోల్. నిన్న మెట్జ్ మీద హ్యాట్రిక్, 5-2. పంతులు గారూ, ఎక్కడున్నారు?

ఎక్స్‌జీ_పంతులు | 26 జనవరి

ఉన్నాను బాబూ, పారిపోలేదు. మెట్జ్ టేబుల్ అడుగున ఉన్న జట్టు, మూడోది పెనాల్టీ. ఇది ముందే చెప్పి మొదలుపెడదాం.

అయినా నాకు నచ్చిందొకటుంది, గోల్స్ కాదు. డిఫెన్స్ లైన్ వెనక పరుగులు. మాడ్రిడ్‌లో బంతి కాలికే కావాలని నిలబడేవాడు. ఇక్కడ డిఫెండర్ భుజం పక్కనుంచి ముందే బయలుదేరుతున్నాడు, మిడ్‌ఫీల్డర్ తల ఎత్తేసరికి వాడు ఖాళీలో ఉంటున్నాడు. రోజూ ఆడితేనే ఈ అవగాహన వస్తుంది, ఎవరు ఎప్పుడు పాస్ ఇస్తారో తెలిసినప్పుడు. బెంచ్ మీద కూర్చుని నేర్చుకునేది కాదు.

వీపు పెట్టి ఆడటం మాత్రం అలాగే ఉంది. మొదటి టచ్ మీటరు దూరం పోతోంది. లీగ్‌లో పెద్ద జట్లు, ముఖ్యంగా బలమైన సెంటర్‌బ్యాక్‌లున్నవి, దీన్ని పట్టుకుంటాయి. అప్పుడు మాట్లాడదాం.

తెల్లజెండా | 26 జనవరి

పంతులు గారు మెచ్చుకున్నారంటే అదే హ్యాట్రిక్ 😄

పచ్చచొక్కా_రవి | 27 జనవరి

నాకు అసలు ఆసక్తి జూన్‌లో జరిగే వరల్డ్ కప్ గురించి. బ్రెజిల్‌కి తొమ్మిదో నంబరు ఎవరు? మొదటి మ్యాచ్ మొరాకోతో, తర్వాత హైతీ, స్కాట్లాండ్. ఆన్సెలోట్టి జాతీయ జట్టు పగ్గాలు తీసుకున్నాక ఎండ్రిక్‌ని ఒక్కసారి కూడా పిలవలేదు. ఆఖరుగా ఆడింది 2025 మార్చిలో, అర్జెంటీనా మీద 4-1తో తన్నులు తిన్న రోజు సబ్‌గా. జోవావ్ పెద్రో, కున్యా, రిచార్లిసన్, రోకే ఇలా అందర్నీ తిప్పుతున్నాడు, ఎవరూ ఖాయం కాలేదు.

సాంబా_స్వప్న | 27 జనవరి

కున్యా, జోవావ్ పెద్రో ఇద్దరూ కిందకి వచ్చి ఆడేవాళ్లు. వాళ్లు వినీ, ఎస్తెవావ్, రోద్రిగోలకి దారి తీసిపెడతారు. అందుకే వాళ్లే మొదలెడతారు, అది తప్పేం కాదు. ఎండ్రిక్ చోటు వాళ్ల బదులు కాదు, వాళ్ల తర్వాత. 65వ నిమిషం, 0-0, ఎదుటి జట్టు బాక్సులో పదిమందితో గోడ కట్టింది. అప్పుడు పాస్‌లు పనిచేయవు, కాలు వెనక్కి తీయకుండా కొట్టేవాడు కావాలి. 2024 మార్చిలో వెంబ్లీలో ఇంగ్లండ్ మీద ఏం జరిగింది? సబ్‌గా వచ్చాడు, వినీ షాట్ పిక్‌ఫోర్డ్ ఆపాడు, వదిలేసిన బంతి దగ్గర వీడున్నాడు. మూడు రోజులకి స్పెయిన్ మీద బెర్నబేవులో హాఫ్‌టైమ్ తర్వాత దిగీ దిగగానే కార్నర్ నుంచి తేలిన బంతిని గాల్లోనే కొట్టాడు. పదిహేడేళ్లకి. ఇలా వచ్చీ రాగానే కొట్టడం అందరికీ చేతకాదు.

మూర్తి_ఎల్బీనగర్ | 27 జనవరి

అమ్మా స్వప్నా, బాగా చెప్పావు. కానీ సబ్‌గా బాగుంటాడు అనే ముద్ర కుర్రాడికి మంచిది కాదు. ఒకసారి పడితే ఇరవై ఎనిమిదేళ్లొచ్చినా "చివర్లో దింపుదాం" అంటారు. వరల్డ్ కప్‌కి సరే, క్లబ్బులో మాత్రం వద్దు.

గోల్‌పోస్ట్_గిరి | 27 జనవరి

మూర్తి గారి మాటకే నా ఓటు. అయితే జూన్ తర్వాత మళ్లీ మాడ్రిడ్ బెంచ్‌కి వెళ్తే ఇదంతా దండగ. నన్నడిగితే ఇంకో సీజన్ లియోన్‌లోనే ఉంచాలి, వాళ్లకి యూరప్ మ్యాచ్‌లు కూడా ఉంటే ఇంకా మంచిది. వినీసియస్‌ని కూడా మూడేళ్లు ఫినిషింగ్ రాదని నవ్వారు, 2021-22లో గానీ తెలియలేదు. వాడికి మాత్రం ఆ మూడేళ్లూ నిమిషాలు దొరికాయి.

తెల్లజెండా | 27 జనవరి

ఇంకో సీజనా? బ్రో, తొమ్మిదో నంబరు చొక్కా ఇచ్చి పంపారు. తిరిగి తేవాల్సిందే. ఎంబాపేకి విశ్రాంతి ఎవరిస్తారు?

ఎక్స్‌జీ_పంతులు | 27 జనవరి

ఎంబాపే విశ్రాంతి అడగడు, అదే కదా అసలు సమస్య.

లియోన్_సింధు | 28 జనవరి

ఇక్కడ మా క్లాసులో ఫ్రెంచ్ కుర్రాడొకడు నిన్నటినుంచీ పోర్చుగీసు బూతులు నేర్చుకుంటున్నాడు, స్టేడియంలో అరవడానికట. వద్దురా, వాడు మనవాడు, పొగడ్తలు నేర్చుకో అన్నాను. తర్వాతి హోం మ్యాచ్‌కి టికెట్ దొరికితే వెళ్తాను. టీవీలో కనిపించని సంగతి, బంతి లేనప్పుడు ఎక్కడ నిలబడతాడో ప్రత్యేకంగా చూసి ఇక్కడ రాస్తాను. పంతులు గారూ, ఇంకేం చూడమంటారో ముందే చెప్పండి.

ఎక్స్‌జీ_పంతులు | 28 జనవరి

రెండే. గోల్‌కీపర్ నుంచి పొడుగు బంతి వచ్చినప్పుడు సెంటర్‌బ్యాక్‌కి తగిలేలా నిలబడుతున్నాడా, దూరంగా జరిగిపోతున్నాడా. ఇంకా కుడికాలి మీద బంతి పడినప్పుడు కొడుతున్నాడా, ఎడమకి తిప్పుకుంటున్నాడా. గోల్ కొట్టాడా లేదా అనేది రాయక్కర్లేదు, అది తెల్లజెండా ఎలాగూ పెద్దక్షరాల్లో పెడతాడు.